ఖాళీ ఉంది, ఒత్తిడికి దారి లేదు: ఒక ఉప్పునీటి పొర కేస్ స్టడీ

ఈ కేసులో ఫార్ములా తప్పు కాదు, లెక్క తప్పు కాదు, వేసిన అంకెలు కూడా దాదాపు సరైనవే. అయినా చివరి జవాబు పాతిక రెట్లు తప్పింది. కార్బన్ డయాక్సైడ్‌ని (ఇకపై సీఓటూ అంటాను) భూమి లోతుల్లోని ఉప్పునీటి పొరల్లో దాచే పనిలో కొత్తగా చేరుతున్నవాళ్లకి ఇలాంటి తప్పు ఎలా జరుగుతుందో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మొదటి అంచనా రిపోర్టు రాసిన టీమ్‌లో నేనూ ఉన్నాను కాబట్టి ఇది పక్కవాళ్ల తప్పు గురించి చెప్పే కథ కాదు.

సైట్ ఎక్కడో, కంపెనీ ఏదో చెప్పను. గుర్తుపట్టకుండా అంకెల్ని కాస్త అటూ ఇటూ జరిపాను, కానీ వాటి మధ్య పొంతన చెడకుండా చూశాను, కాబట్టి కావాలంటే మీరే కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

మొదట మా దగ్గర ఉన్నది

దగ్గరదగ్గరగా ఉన్న కొన్ని ఫ్యాక్టరీల నుంచి ఏడాదికి 15 లక్షల టన్నుల సీఓటూ పట్టి, 20 ఏళ్ల పాటు, అంటే మొత్తం 3 కోట్ల టన్నులు, లోపలికి పంపాలి. ఎప్పుడో చమురు కోసం వెతికినప్పుడు తవ్విన నాలుగు బావులు అక్కడ ఉన్నాయి, వేటిలోనూ చమురు పడలేదు. వాటితో పాటు 4, 5 కిలోమీటర్ల ఎడంతో తీసిన పాత 2డీ సీస్మిక్ లైన్లు (భూమిలోకి ధ్వని తరంగాలు పంపి ఒక గీత వెంబడి తీసిన పొరల చిత్రాలు) ఉన్నాయి. 1,500 మీటర్ల లోతులో 60 మీటర్ల మందమున్న ఇసుకరాయి, దాని మీద 120 మీటర్ల షేల్ (ద్రవాలు దాదాపు చొరబడని బంకమట్టి రాయి). పోరాసిటీ (రాతిలో రంధ్రాల వాటా) 20 శాతం. నీటి ఉప్పదనం లీటరుకి సగటున 1,10,000 మిల్లీగ్రాములు. ఈ సగటుని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

లోతు బాగుంది. 31 డిగ్రీల సెల్సియస్, 7.38 మెగాపాస్కల్స్ దాటితే సీఓటూ సూపర్‌క్రిటికల్ స్థితికి వెళ్తుంది, ద్రవంలా బరువుగా, వాయువులా పలచగా పారేలా ఉంటుంది. మామూలుగా 800 మీటర్లు దాటితే ఈ షరతులు రెండూ కుదురుతాయి. మా లోతులో ఘనపు మీటరుకి సుమారు 650 కిలోలు పడుతుంది. షేల్ శాంపిళ్ల మీద పాదరసం ఎక్కించి చేసిన టెస్టులో పైకప్పు కూడా గట్టిగానే నిలబడింది.

ఇక లెక్క. విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లు, దాన్ని 60 మీటర్ల మందంతో, 0.2 పోరాసిటీతో గుణిస్తే రాతి రంధ్రాల ఖాళీ 480 కోట్ల ఘనపు మీటర్లు. అందులో ఎంత శాతం నిజంగా సీఓటూతో నింపగలమన్నది ఎఫిషియెన్సీ గుణకం చెప్తుంది. అమెరికా ఇంధన శాఖ పద్ధతిలో ఉప్పునీటి పొరలకి ఇది సుమారు అర శాతం నుంచి ఐదున్నర శాతం దాకా ఉంటుంది. మేం 2 శాతం తీసుకున్నాం, జాగ్రత్తగానే తీసుకున్నామనుకున్నాం. 6.2 కోట్ల టన్నులు వచ్చింది. కావాల్సింది 3 కోట్లే కదా, అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ గుణకం వెనక ఒక ఊహ దాగుంది. మనం లోపలికి పంపే సీఓటూ అక్కడున్న ఉప్పునీటిని నెడితే, ఆ నీరు పక్కకి జరిగి ఎటో ఒకవైపు వెళ్లిపోతుందని. అంటే పొరకి అంచులు తెరిచి ఉన్నాయని. ఆ ఊహ మా రిపోర్టులో ఒక్క వాక్యంలో కూడా లేదు. ఉండుంటే ఎవరో ఒకరు అడిగేవాళ్లు. ఈ రంగంలో అందరి మనసులోనూ ఉండే ఉదాహరణ నార్వేలోని స్లైప్నర్. 1996 నుంచి ఏడాదికి సుమారు 10 లక్షల టన్నుల చొప్పున ఉట్సిరా ఇసుకలోకి పంపుతూ వచ్చారు, ఒత్తిడి సమస్య రాలేదు. ఉట్సిరా చాలా పెద్దది, వదులుగా ఉంటుంది, బాగా కలిసిపోయిన ఇసుక. అదొక అదృష్టవంతమైన పొర. దాన్నే మామూలు పొర అనుకోవడం దగ్గరే చాలామంది పొరపాటు మొదలవుతుంది, మాది కూడా.

బావి తవ్వాక

అంచనా బావి తవ్వాం. కోర్ (బావిలోంచి తీసిన రాతి ముక్క) చూస్తే సంతోషం వేసింది, పెర్మియబిలిటీ (రాతిలోంచి ద్రవం ఎంత సులువుగా పారుతుందన్న కొలత) 300 మిల్లీడార్సీలు, పోరాసిటీ అనుకున్నట్టే ఉంది. సీఓటూ పంపే ముందు నీటితో టెస్ట్ చేశాం, రోజుకి 2,000 ఘనపు మీటర్లు, 10 రోజులు. ఒత్తిడి 1.2 మెగాపాస్కల్స్ మాత్రమే పెరిగింది. "ఇంత సులభంగా తాగే బావి నేను చూడలేదండీ" అన్నారు డ్రిల్లింగ్ వైపు పెద్దాయన ఒకరు. ఆయన చెప్పింది నిజమే. బావి బాగా తాగుతుంది. కానీ ఆ బావి ఎంతకాలం తాగగలదన్నది వేరే ప్రశ్న, ఆ రోజు మాలో ఎవరమూ ఆ రెండిటినీ విడదీసి చూడలేదు.

నీళ్లు ఆపేశాక ఒత్తిడి ఎలా దిగుతుందో చూడటమే ఫాలాఫ్ టెస్ట్. తెరిచి ఉన్న ఇసుకలో ఒత్తిడి చెరువులో రాయి వేసినట్టు గుండ్రంగా పాకుతుంది, అప్పుడు డెరివేటివ్ గ్రాఫ్ (ఒత్తిడి మారే వేగాన్ని చూపే గీత) చదునుగా పోతుంది. మాది మూడో రోజు నుంచి పైకి లేవడం మొదలుపెట్టింది, రెండో వారంలో అర వాలు పట్టుకుంది. అంటే ఒత్తిడి అన్ని వైపులా కాకుండా రెండు గోడల మధ్య సందులో వెళ్తున్నట్టు రెండు వైపులకే పోతోంది.

దీన్ని కొట్టిపారేయడానికి చాలా ప్రయత్నించాం. మొదటి వాదన, లోపలికి పంపిన చల్లటి నీరు చిక్కగా ఉండటం వల్ల గ్రాఫ్ అలా వంకర పోయిందని. అది నిజంగా జరిగే విషయమే, కానీ దాని ప్రభావం బావి చుట్టూ కొద్ది మీటర్లలో, మొదటి గంటల్లోనే కనపడాలి, రెండో వారంలో కాదు. రెండో వాదన గేజ్ డ్రిఫ్ట్, అంటే ఒత్తిడి కొలిచే గేజ్ రీడింగే మెల్లగా పక్కకి జరిగిపోవడం. రెండు గేజ్‌లు వేర్వేరుగా ఒకే మాట చెప్తున్నాయి కాబట్టి అదీ నిలవలేదు. మూడోది కాస్త బలమైనది. ఇది పాత నది కాలువల్లో పేరుకున్న ఇసుక, కాబట్టి ఆ గోడలు ఫాల్టులు (రాతి పొరలు విరిగి జారిన పగుళ్లు) కాకపోవచ్చు, కాలువ అంచులే కావచ్చు, కాలువలు దూరంలో ఒకదానితో ఒకటి కలుస్తాయి కదా అని. ఈ వాదన తప్పని ఆ ఒక్క టెస్టుతోనే చెప్పలేం.

ఇక్కడ తీసుకున్న నిర్ణయమే కేసు మొత్తంలో ముఖ్యమైనదని నా అభిప్రాయం. రిగ్ వెళ్లిపోతోంది, గేజ్‌లు పైకి తీసేసి బావి మూసేద్దామని ప్లాన్. నేను గేజ్‌లని నాలుగు నెలలు కిందే వదిలేయాలని పట్టుబట్టాను. కారణం ఇదీ. ఒత్తిడి ప్రయాణానికి పట్టే సమయం దూరానికి వర్గంగా పెరుగుతుంది, దూరం రెట్టింపైతే సమయం నాలుగింతలు. మా పెర్మియబిలిటీతో లెక్కేస్తే 10 కిలోమీటర్లు పాకడానికి సుమారు 110 రోజులు కావాలి. రెండు వారాల టెస్టుకి సుమారు మూడున్నర కిలోమీటర్ల అవతల ఏముందో చూసే శక్తే లేదు. 20 ఏళ్ల ప్రాజెక్టు జాతకాన్ని మూడున్నర కిలోమీటర్ల చూపుతో రాయలేం. ఖర్చు, ఆలస్యం అని చాలా చర్చ జరిగింది, చివరికి ఒప్పుకున్నారు.

నాలుగు నెలల తర్వాత ఒత్తిడి కదలకుండా నిలిచిపోయింది. మొదటి విలువ మీద 29 కిలోపాస్కల్స్ పైన.

చాలా చిన్న అంకె, కానీ దాని అర్థం చూడండి. పొర తెరిచి ఉంటే అది సున్నా వైపు జారుతూనే ఉండాలి. నిలిచిపోయిందంటే మనం పోసిన నీరు ఒక మూసిన పెట్టెలో ఇరుక్కుంది. 20,000 ఘనపు మీటర్ల నీరు 29 కిలోపాస్కల్స్ పెంచింది. రాయి, నీరు రెండిటి సంపీడ్యత కలిపి పాస్కల్‌కి 0.95 నానో భాగం అనుకుంటే, ఆ పెట్టెలో రంధ్రాల ఖాళీ 72 కోట్ల ఘనపు మీటర్లు. మేం అనుకున్న 480 కోట్లలో 15 శాతం.

ఇప్పుడు ఎంత పంపగలం? మొదటి ఒత్తిడి 15.5 మెగాపాస్కల్స్. రాయి పగిలే ఒత్తిడి సుమారు 23.2. అమెరికా పర్యావరణ సంస్థ క్లాస్ సిక్స్ బావులకి (సీఓటూ నిల్వ బావులకి) పెట్టిన పరిమితి, అంటే పగిలే ఒత్తిడిలో 90 శాతం దాటకూడదన్నది, మేమూ పాటించాం. అంటే 20.9. పెంచుకోడానికి ఉన్నది 5.4 మెగాపాస్కల్స్. 72 కోట్ల ఘనపు మీటర్లు ఆ పెరుగుదలకి ఇచ్చే చోటు 37 లక్షల ఘనపు మీటర్లు. సీఓటూ లెక్కన 24 లక్షల టన్నులు. రెండేళ్లు కూడా నిండవు.

మమ్మల్ని ఇంకా కలవరపెట్టింది తర్వాతి లెక్క. సరే, ఆ లోపలి ఫాల్టులు లేవనుకుందాం, 480 కోట్లూ ఒకే పెట్టె, బయటి అంచులు మాత్రమే మూసి ఉన్నాయనుకుందాం. అప్పుడు కూడా 1.6 కోట్ల టన్నులే. గుణకం 2 శాతం కాదు, అర శాతం. ఇది బావి తవ్వకముందే, ఒక పేజీలో వేసుకోగలిగిన లెక్క. మేం వేయలేదు.

పని చేయనివి

పాత 2డీ లైన్లని మళ్లీ ప్రాసెస్ చేయించాం, ఫాల్టులు లైను లైనుకీ అతకలేదు. 5 కిలోమీటర్ల ఎడంలో ఒక లైన్‌లో కనిపించిన ఫాల్టుని పక్క లైన్‌లో దేనికి కలపాలో ఎవరికి తోచినట్టు వాళ్లు కలిపారు. బావి చుట్టూ చిన్న 3డీ సర్వే చేస్తేగానీ తేలలేదు. రెండు ఫాల్టులు, మధ్య సుమారు 3 కిలోమీటర్లు, పొర 40 నుంచి 60 మీటర్లు జారింది. ఇసుక మందమే 60 మీటర్లు కాబట్టి చాలా చోట్ల ఈ వైపు ఇసుకకి ఎదురుగా అవతలి వైపు షేల్ వచ్చి కూర్చుంది. కాలువ అంచుల వాదన అక్కడితో ఆగింది.

తర్వాత వచ్చిన సలహా, బావుల సంఖ్య పెంచుదామని. సిమ్యులేషన్‌లో మూడు బావులు పెట్టి చూశాం. మొదటి కొన్ని నెలలు ఒక్కో బావి దగ్గర ఒత్తిడి తగ్గింది, మొత్తం నిల్వ మాత్రం పెరగలేదు. చిన్న సీసాకి మూతులు ఎక్కువ పెడితే పట్టే నీళ్లు పెరగవు. బావి తాగే వేగం తక్కువైతే బావులు పెంచాలి, పొరలో చోటు తక్కువైతే బావులు పెంచి లాభం లేదు. వినడానికి తెలిసిన సంగతే అనిపిస్తుంది, కానీ మీటింగుల్లో ఈ రెండూ కలిసిపోవడం నేను పదేపదే చూశాను.

ఉప్పునీటిని పైకి తోడి చోటు చేయడం మాత్రం మోడల్‌లో చక్కగా పని చేసింది. ఘనపు మీటరు సీఓటూకి ఘనపు మీటరు నీరు. కానీ ఏడాదికి 15 లక్షల టన్నులంటే రోజుకి 6,300 ఘనపు మీటర్ల నీరు పైకి వస్తుంది, సముద్రపు నీటికి రెండింతలకు పైగా ఉప్పగా. దాన్ని ఎక్కడ పెట్టాలి? ఇంకో పొరలోకి పంపితే సమస్య ఇల్లు మారుతుంది, అంతే. ఆస్ట్రేలియాలోని గోర్గాన్ ప్రాజెక్టులో ఒత్తిడి తగ్గించే నీటి బావుల్లో ఇసుక చేరి చాలా ఇబ్బంది పడ్డారు, ఇంజెక్షన్ కూడా తగ్గించుకోవాల్సి వచ్చింది. అందుకే దీన్ని ప్రధాన మార్గంగా వద్దన్నాను.

ఫైల్లో ముందు నుంచీ ఉన్నది

3డీ సర్వే వచ్చాక టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి పాత బావుల ఒరిజినల్ రిపోర్టులు ముందేసుకుని కూర్చుంది. "సగటు 1,10,000 అని రాశారు కదండీ, అసలు శాంపిళ్లు చూస్తే రెండు బావుల్లో 90,000, రెండింట్లో 1,30,000 ఉంది, మధ్యలో ఒక్కటీ లేదు" అంది. మ్యాప్ మీద పెట్టి చూస్తే 90,000 ఉప్పదనం ఉన్న రెండు బావులు ఫాల్టుకి ఒక వైపు, 1,30,000 ఉన్న రెండూ రెండో వైపు. పాత డ్రిల్ స్టెమ్ టెస్టుల్లో (తవ్వేటప్పుడే పొర ఒత్తిడి కొలిచే టెస్టుల్లో) వచ్చిన ఒత్తిళ్లు కూడా లోతు సవరించి చూస్తే రెండు వైపులా 0.4 మెగాపాస్కల్స్ తేడా.

లక్షల ఏళ్లుగా ఒకదానితో ఒకటి కలవని నీరు అది. మొదటి రోజు నుంచీ మా దగ్గరే ఉంది. సగటు వేసి ఆ తేడాని మేమే చెరిపేశాం. డెన్సిటీ లెక్కకి ఒక అంకె కావాలి కాబట్టి ఒక అంకె చేసుకున్నాం.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఒకటుంది. రెండు బావుల మధ్య ఒత్తిడిలో, నీటిలో స్పష్టమైన తేడా ఉంటే మధ్యలో అడ్డు ఉన్నట్టే. తేడా లేకపోతే మాత్రం అడ్డు లేనట్టు కాదు, ఎందుకంటే కొద్దికొద్దిగా కారే ఫాల్టు కూడా లక్షల ఏళ్లలో రెండు వైపులా సమం చేసేస్తుంది, మనకున్న 20 ఏళ్లలో చేయదు. ఈ రెండో సగం మర్చిపోతే పైపొర విషయంలో మళ్లీ అదే గుంటలో పడేవాళ్లం.

పైపొర

1,250 మీటర్ల దగ్గర ఇంకో ఇసుక ఉంది. 25 మీటర్ల మందం, 150 మిల్లీడార్సీలు. మొదటి రౌండులో పలచగా ఉందని పక్కన పెట్టేశాం. కానీ ఇది నది కాలువ కాదు, ఒకప్పటి సముద్ర తీరం వెంబడి పరచుకున్న ఇసుక, దుప్పటిలా వెడల్పుగా ఉంటుంది. పైగా 3డీలో ఆ ఫాల్టులు ఈ పొర కిందే ఆగిపోయాయి, అంటే ఈ ఇసుక పేరుకునేనాటికే వాటి కదలిక అయిపోయింది.

నార్వేలోనే స్నోవిట్ అనే ప్రాజెక్టు ఉంది. 2008లో టుబోఎన్ పొరలోకి మొదలుపెట్టారు, ఒత్తిడి అనుకున్నదానికంటే వేగంగా పెరిగింది, 2011లో పైనున్న స్టో పొరకి మార్చారు. అక్కడ కూడా కిందిది నదీ డెల్టా ఇసుక, పైది లోతు తక్కువ సముద్రపు ఇసుక. మేమందరం చదివిందే. స్లైప్నర్‌ని మాకు వర్తింపజేసుకున్నంత తేలిగ్గా స్నోవిట్‌ని వర్తింపజేసుకోలేదు, నచ్చిన ఉదాహరణే గుర్తుంటుంది కాబట్టి.

ఈసారి నాలుగు బావుల్లోనూ ఒత్తిళ్లు ఒకే గీత మీద పడ్డాయి. పైన చెప్పిన కారణంగా అది చాలదు. పొర కలిసి ఉందని చూపించాలంటే ఒక చోట తోసి ఇంకో చోట కదలిక చూడాలి. పాత బావుల్లో ఒకటి ఫాల్టుకి అవతల, 2.6 కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని సిమెంట్ ప్లగ్గులు నమ్మకంగా లేవు, ఎలాగూ మళ్లీ తెరిచి సరిగ్గా మూయాల్సిందే, ఎందుకంటే అలాంటి పాత బావే సీఓటూ పైకి రావడానికి అన్నిటికంటే సులువైన దారి. తెరిచినప్పుడు మూసేముందు మూడు నెలలు గేజ్ పెట్టనివ్వండని అడిగాను. ఒకే ఖర్చులో రెండు పనులు.

అంచనా బావిలో పైపొరకి రంధ్రాలు చేసి రోజుకి 1,000 ఘనపు మీటర్ల నీరు పంపాం. పొర నిజంగా కలిసి ఉంటే రెండో వారంలో అవతల కదలిక మొదలై, 19వ రోజుకి 35 కిలోపాస్కల్స్ దగ్గర ఉండాలని ముందే కాగితం మీద రాసి అందరికీ పంపాను. డేటా వచ్చాక కథ అల్లకుండా ఉండటానికి అదొక్కటే మార్గం. ఆ మూడు వారాలు చాలా టెన్షన్ పడ్డాను. చంద్రుడి లాగుడుకి భూమిలో వచ్చే ఆటుపోట్లు, వాతావరణ పీడనం వల్ల వచ్చే మార్పులు తీసేసి చూస్తే 12వ రోజు గీత లేచింది. 19వ రోజుకి 31. రాసినదానికి దగ్గరే. ఫాల్టు ఈ పొరని అడ్డుకోవడం లేదు.

చివరికి ఒప్పుకున్న ప్లాన్ ఇది. పైపొరలోకి 10 కిలోమీటర్ల ఎడంతో రెండు బావులు, ఏడాదికి మొత్తం 7 లక్షల టన్నులు. 20 ఏళ్ల చివర బావి దగ్గర ఒత్తిడి పెరుగుదల 3.5 మెగాపాస్కల్స్ దాటదని మోడల్ చెప్తోంది, పరిమితి 4.5. బావి దగ్గర నీరు ఆవిరై ఉప్పు గడ్డకట్టకుండా అప్పుడప్పుడు మంచినీటితో కడిగే ఏర్పాటు ముందే పెట్టాం. కిందిపొర రిజర్వులో ఉంది, పైబావి రిపేరులో ఉన్న రోజుల్లో కొన్ని నెలల గ్యాస్ తీసుకోడానికి 24 లక్షల టన్నులు చాలు. ఏడాదికి మిగిలిన 8 లక్షల టన్నులకి అక్కడ చోటు లేదని మీటింగులో చెప్పడం చాలా కష్టమైంది. అడిగినదానిలో సగం కూడా ఇవ్వలేకపోతున్నామని అర్థం చేసుకోడానికి కంపెనీవాళ్లకి కొన్ని వారాలు పట్టింది, ఒకరిద్దరు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఆ మిగిలిన దానికోసం వేరే బ్లాకు చూస్తున్నాం. అక్కడి ఫైల్ వచ్చినప్పుడు నీటి ఉప్పదనం గడిలో మళ్లీ ఒకే ఒక్క అంకె కనిపించింది. శాంపిల్ శాంపిల్‌కీ విడివిడిగా, ఏ బావి, ఏ లోతు, ఏ తేదీ అన్నది రాసి పంపమని వెనక్కి పంపాం. అవి వచ్చేదాకా విస్తీర్ణం గుణకారం మొదలుపెట్టడం లేదు.